గల్లాపెట్టె సాక్ష్యం

ధాన్యాన్ని కుంచంతో కొలుస్తారు. బంగారాన్ని త్రాసులో తూస్తారు. నేలను గొలుసు పట్టి కొలుస్తారు. కుంచం చేతబట్టి బంగారం కొలవబోయే వర్తకుణ్ణి చూచి పసిపిల్లలు కూడా నవ్వుతారు. కొలిచే సాధనం కొలతకు వచ్చిన వస్తువుకు తగినదై ఉండాలనే ఈ చిన్న వివేకం బజారులో తిరిగే ప్రతివారికీ ఉన్నది. కాని మనిషి తన సంతోషాలను కొలుచుకొనడానికి పూనుకొన్నప్పుడు ఆ వివేకం ఎందుచేతనో అతనిని విడిచి వెళ్ళిపోతుంది.

ఈ కాలంలో ఒక భారీ చలనచిత్రం విడుదలైన మరునాటి ఉదయానికే అది ఎన్ని కోట్లు వసూలు చేసినదో దేశమంతటా తెలిసిపోతుంది. టీ దుకాణాల వద్ద, రైలుపెట్టెలలో, కళాశాలల ఆవరణలలో ఆ అంకెనే చెప్పుకొంటారు. కథ ఏమిటని అడిగేవారి కంటె, క్రిందటి చిత్రపు అంకెను దాటినదా లేదా అని అడిగేవారే ఎక్కువ. ఆ చిత్రంలో ఒక్క రూపాయి పెట్టుబడి పెట్టనివాడు, దాని లాభంలో ఒక్క పైసా ముట్టనివాడు, దాటినదని వింటే పొంగిపోతాడు. దాటలేదని వింటే కుంగిపోతాడు. పొరుగింటివాని పొలంలో పంట బాగా పండినదని ఇంతగా పొంగినవాడు లోకంలో అరుదు. మరి ఈ పొంగు ఎక్కడినుండి వచ్చినది? ఇందులో తప్పేమైనా ఉన్నదా? ఉన్నట్లయితే అది ఎవరిది? విచారించదగిన ప్రశ్న ఇది.

కళలో స్పర్ధ క్రొత్తది కాదు. పూర్వకాలంలో కళాకారులు కీర్తిని గాని, ధనాన్ని గాని కోరక, కేవలం ఆత్మానందం కోసమే ఆడి పాడేవారని అనుకొనడం చరిత్రకు సరిపడని భావన. భరతుని నాట్యశాస్త్రంలో 27వ అధ్యాయం అంతా ప్రయోగసిద్ధిని గురించినదే. నాటక బృందాలు ధనం కోసమో, పతాక కోసమో ఒకదానితో ఒకటి పోటీపడే సందర్భాన్ని భరతుడు దాచిపెట్టలేదు. ఆ పోటీలో తీర్పు చెప్పడానికి ప్రాశ్నికులను నియమించాడు. యజ్ఞం ప్రదర్శించినప్పుడు యజ్ఞం తెలిసినవాడు, ఆయుధ విన్యాసం వచ్చినప్పుడు విలువిద్య ఎరిగినవాడు, ఛందస్సుకు ఛందోవేత్త, శబ్దానికి వైయాకరణి. వీరితోపాటు చిత్రకారుడు, గణిక, గాయకుడు, రాజసేవకుడు కూడా ఆ వరుసలో ఉన్నారు. గుణాలను, దోషాలను లెక్కవేసి, గుణాలు హెచ్చుగాను, దోషాలు తక్కువగాను ఉన్నవారికి పతాక ఇవ్వాలన్నాడు. అంటే లెక్కపెట్టడం పాపమని భరతుడు అనలేదు. ఏది లెక్కపెట్టాలి, ఎవరు లెక్కపెట్టాలి అన్నదే ఆయన పట్టించుకొన్న విషయం.

ఆ అధ్యాయంలోనే ఆయన ప్రయోగసిద్ధిని రెండు విధాలుగా విభజించాడు. ఒకటి మానుషి. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వుతారు, పకపక నవ్వుతారు, బాగు బాగు అంటారు, అయ్యో అంటారు, వారికి రోమాంచం కలుగుతుంది, ఆసనాల మీదినుండి లేస్తారు, వస్త్రాలు, ఉంగరాలు విసురుతారు. ఇవన్నీ మానుషసిద్ధికి గుర్తులు. రెండవది దైవి. రంగస్థలం ప్రేక్షకులతో నిండి ఉండాలి. ఐతే శబ్దం గాని, క్షోభ గాని, ఉత్పాతం గాని ఉండకూడదు. ఇక్కడ గమనించదగినది ఒకటి ఉన్నది. జనం నిండడాన్ని భరతుడు తక్కువగా చూడలేదు. దైవసిద్ధికే దానిని ఒక లక్షణంగా చెప్పాడు. కాని అది సగం లక్షణం మాత్రమే. నిండిన ఆ సభ నిశ్శబ్దంగా లీనమై పోవడం మిగిలిన సగం. మొదటి సగాన్ని తలుపు వద్ద నిలిచి లెక్కపెట్టవచ్చు. రెండవ సగాన్ని లోపల కూర్చున్నవాడు తప్ప మరెవరూ ఎరుగరు.

చలనచిత్రానికి తలుపు వద్ద నిలిచి లెక్కపెట్టేది గల్లాపెట్టె. న్యాయస్థానంలో సాక్షిని విచారించేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న, నీవు ఎక్కడ నిలబడి చూచినావు అన్నది. గల్లాపెట్టె నిలబడినది లోనికి వచ్చే ద్వారం వద్ద. ఇంతమంది వచ్చారు, ఇంత ధనం ఇచ్చారు అని అది చెబితే నమ్మవలసిందే. కాని ప్రేక్షకులు బయటికి వెళ్ళేది మరొక ద్వారం గుండా. అక్కడ సాక్షి లేడు. ఏడ్చి కళ్ళు తుడుచుకొంటూ వెళ్ళినవాడు, విసుగుతో సగంలో లేచిపోయినవాడు, ఇంటికి నడుస్తూ తన తండ్రిని తలచుకొన్నవాడు, అందరూ ఆ పెట్టె దృష్టిలో ఒక్కటే. చూడని దానిని గురించి సాక్ష్యం అడగడం న్యాయం కాదు. అడిగితే అది సాక్షి తప్పు కాదు, అడిగినవారి తప్పు.

ఐతే గతకాలపు లెక్కలలో ఆ రెండవ ద్వారానికి కూడా పరోక్షంగా కొంత చోటు ఉండేది. అప్పట్లో ఒక చిత్రపు గొప్పతనాన్ని రూపాయలతో కాక రోజులతో, వారాలతో చెప్పుకొనేవారు. బాంబే టాకీస్ వారి ‘కిస్మత్’ 1943లో విడుదలై, కలకత్తాలోని రాక్సీ సినిమా హాలులో మూడేళ్ళకు పైగా ఆడినది. 1975 ఆగస్టు 15న విడుదలైన ‘షోలే’ మొదటి రోజులలో అనుకొన్నంతగా ఆడలేదు. వ్యాపార వర్గాలు పెదవి విరిచినవి. తరువాత చూచినవారు చూడనివారికి చెప్పగా జనం పెరిగి, బొంబాయి మినర్వాలో అయిదేళ్ళకు పైగా నిలిచినది. అందులోని సంభాషణలే గ్రామఫోను రికార్డులుగా అమ్ముడుపోయినవి. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’ 1955లో కలకత్తాలో విడుదలైనప్పుడు కూడా మొదట హాళ్ళు పలుచగానే ఉండినవి. నోటిమాట ప్రాకిన తరువాతనే నిండినవి. ఈ మూడు చిత్రాలకు ఒకదానితో ఒకటి పోలిక లేదు. కాని మూడింటికీ కాలమే సహాయం చేసినది. ఒక చిత్రం యాభయ్యవ వారంలో ఆడుతున్నదంటే అర్థం ఏమిటి? బయటి ద్వారం గుండా వెళ్ళినవాడు మరొకనికి చెప్పాడని అర్థం. లేదా తానే తిరిగి వచ్చాడని అర్థం. రోజుల లెక్కలో అనుభవపు సాక్ష్యం ఇమిడి ఉన్నది.

ఇప్పటి లెక్క మొదటి రోజుది, మొదటి మూడు రోజులది. చిత్రాన్ని ఫిలిం ప్రింట్లుగా పెట్టెలలో మోసుకొనిపోయే రోజులు గతించినవి. డిజిటల్ పద్ధతి వచ్చిన తరువాత ఒక చిత్రాన్ని ఒకే ఉదయం వేల తెరల మీద వేయడం సాధ్యమైనది. టిక్కెట్లు ముందుగానే అమ్ముడవుతున్నవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో భారీ చిత్రాలకు మొదటి రోజులలో ధర పెంచుకొనడానికి ప్రభుత్వాలు ప్రత్యేక అనుమతులు ఇచ్చిన సందర్భాలు అనేకం ఉన్నవి. అందుచేత మొదటి రోజు అంకెను పెంచేవాడు ఆ చిత్రాన్ని చూచినవాడు కాదు, చూడబోయేవాడు. ఎవరి మాటా వినకముందే, చిత్రం ఎట్లా ఉన్నదో ఎవరికీ తెలియకముందే అతడు టిక్కెట్టు కొన్నాడు. కనుక ఆ అంకె కొలిచేది చిత్రపు గుణాన్ని కాదు. దానిని గురించి పెంచిన ఆశను. ఆశను కొలవడం తప్పు కాదు. ఆశ కొలతను అనుభవపు కొలతగా చెలామణి చేయడం మాత్రం తప్పు.

రూపాయి కూడా స్థిరమైన కొలబద్ద కాదు. 1975లో కొద్ది రూపాయలతో చూచిన ప్రేక్షకుడూ, ఈనాడు కొన్ని వందలు చెల్లించే ప్రేక్షకుడూ మనుషులుగా సమానులే; కాని లెక్కలో ఈనాటివాడు ఆనాటి వారు ఎందరికో సమానమవుతున్నాడు. ధర పెరిగిన కొద్దీ రికార్డులు వాటంతట అవే విరుగుతూ ఉంటవి. ఫ్రాన్సులోను, దక్షిణ కొరియాలోను ఎన్ని టిక్కెట్లు తెగినవో, అంటే ఎన్నిసార్లు మనుషులు వచ్చి చూచారో లెక్కించి అధికారికంగా ప్రకటిస్తారు. ఒక చిత్రపు విజయాన్ని అక్కడ ప్రేక్షకుల సంఖ్యతోనే చెప్పుకొంటారు. భారతదేశంలో ఎక్కువగా వినబడేవి నిర్మాతల ప్రకటనలు, వ్యాపార పరిశీలకుల అంచనాలు. అందులోను గ్రాస్, నెట్, షేర్ అని మూడు మాటలు ఉన్నవి. గ్రాస్ ప్రేక్షకుడు చెల్లించిన మొత్తం. నెట్ పన్ను పోగా మిగిలినది. షేర్ హాలు యజమాని భాగం పోగా పంపిణీదారుకు చేరినది. ఒకడు తన కథానాయకుని గ్రాసును చెబుతాడు. ఎదుటివాని కథానాయకునికి షేరును చెబుతాడు. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. ఇద్దరూ నిజమూ చెప్పలేదు.

రోజుల లెక్క కల్మషం లేనిదని అనుకొనడం కూడా పొరపాటే. తెలుగునాట శతదినోత్సవానికి గౌరవం పెరిగిన తరువాత, ఆ నూరవ రోజు కోసమే కొన్ని చిత్రాలను ఖాళీ కుర్చీల ముందు లాగి నిలబెట్టిన సందర్భాలు ఉన్నవి. ఈనాడు టిక్కెట్లను మూకుమ్మడిగా కొని వసూళ్ళను పెంచుతున్నారని ఒక పక్షంవారు మరొక పక్షంవారిని నిందిస్తూ ఉంటారు. దీనివల్ల తెలిసే నీతి ఒక్కటే. కొలత కొలతగా ఉన్నంతకాలం నిజం చెబుతుంది. అదే గమ్యమై, దానికి బిరుదు వచ్చి, దండ పడినప్పటినుండి దానిని సంతృప్తి పరచడానికి మనుషులు వస్తువును విడిచి కొలతను పెంచడం మొదలు పెడతారు. జ్వరమాపకాన్ని చన్నీళ్ళలో ముంచితే రోగి జ్వరం తగ్గదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. జనం మెచ్చినదానిని తక్కువ చేయడం విద్యావంతుల పాత దురలవాటు కాదా? తమకు నచ్చని చిత్రం కోట్లు గడించినప్పుడు అంకెలు నిరర్థకమని చెప్పడం ఓడినవాని వేదాంతం కాదా? ఈ ఆక్షేపణలో బలం ఉన్నది, దానిని త్రోసివేయరాదు. 1975లో, ‘షోలే’ వచ్చిన సంవత్సరంలోనే, ‘జై సంతోషీ మా’ అనే చిత్రం అతిస్వల్పమైన ఖర్చుతో తయారై వచ్చినది. పేరుపొందిన నటులు లేరు, ఆర్భాటం లేదు. జనం హాలులోకి చెప్పులు విడిచి వెళ్ళారు. తెర మీద దేవి కనబడినప్పుడు పూలు, నాణేలు చల్లారు. అంతకుముందు చాలామంది ఎరుగని ఆ దేవత పూజ ఉత్తరదేశమంతటా వ్యాపించినది. 1989లో బంగ్లాదేశ్‌లో వచ్చిన ‘బేదేర్ మేయే జోస్నా’ ఒక పాములవారి పిల్ల జానపద గాథ. నగరవాసులు ముతకగా భావించిన ఆ కథ ఆ దేశపు చలనచిత్ర చరిత్రలోనే మహావిజయాలలో ఒకటై, సరిహద్దు దాటి పశ్చిమ బెంగాలులో మళ్ళీ తీయబడినది. హర్యానా గ్రామంలోని ఒక మల్లయోధుడూ అతని కుమార్తెల కథ ఐన ‘దంగల్’, 2017లో చైనాలో స్వదేశంలో కంటె ఎక్కువ వసూలు చేసినది. తమ భాష కాని భాషలో, తమ ఊరు కాని ఊరి కథను చూచి కోట్లమంది కదిలారంటే ఆ అంకె వెనుక ఒక నిజం ఉన్నది. గల్లాపెట్టె సాక్ష్యం విలువలేనిదని ఎవరూ అనలేరు. కొన్నిసార్లు విమర్శకుని కంటె ముందుగా అదే నిజం చెబుతుంది.

అంతేకాదు, గల్లాపెట్టెను తృణీకరించడం అందరికీ అందుబాటులో ఉన్న వైభవం కాదు. కవి శైలేంద్ర ఫణీశ్వరనాథ్ రేణు కథను తీసుకొని ‘తీస్రీ కసమ్’ నిర్మించాడు. ఒక బండివాడూ, ఒక నౌటంకీ నర్తకీ కలిసి చేసిన ప్రయాణం ఆ కథ. లోకానికి నచ్చే విధంగా దానిని మార్చడానికి ఆయన అంగీకరించలేదు. 1966లో విడుదలైనప్పుడు చిత్రం ఆడలేదు. అప్పుల భారంతో క్రుంగిన శైలేంద్ర ఆ డిసెంబరు 14న, 43 ఏళ్ళ వయస్సులో మరణించాడు. ఆ చిత్రానికే ఆ సంవత్సరపు ఉత్తమ కథాచిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం లభించినది. దానిని అందుకొనడానికి ఆయన లేడు. గురుదత్ 1959లో తీసిన ‘కాగజ్ కే ఫూల్’ విఫలమైనది. ఆ తరువాత దర్శకునిగా ఆయన తన పేరు వేసుకొనలేదు. ఈనాడు ఆ చిత్రాన్ని మహత్తరమైన వాటిలో ఒకటిగా లెక్కిస్తారు. ఒక చిత్రం మీద దర్శకుడూ, నటుడూ మాత్రమే కాదు, దీపాలు మోసేవాడు, దుస్తులు కుట్టేవాడు, గుంపులో నర్తించే అమ్మాయి, హాలు ముందు బఠాణీలు అమ్ముకొనేవాడు కూడా ఆధారపడి ఉంటారు. వసూళ్ళు వారికి అన్నం. వాటిని లెక్కించడాన్ని పరిహసించేవాడు వారి ఆకలిని ఎరుగనివాడు.

కనుక నిర్మాత లెక్క చూచుకొనవలసిందే. పంపిణీదారు చూచుకొనవలసిందే. అప్పు ఇచ్చినవాడు తప్పక చూస్తాడు. అది వారి ధర్మం. కాని ప్రేక్షకుడు? అతడు ధనం తెచ్చుకొనడానికి రాలేదు, ఇవ్వడానికి వచ్చాడు. ఇచ్చి, ప్రతిగా మరొకటి పొందడానికి వచ్చాడు. ఆ మరొకటి ఏమిటి?

దానికి సమాధానం ఈ దేశంలో వేయేళ్ళ క్రిందటనే కాశ్మీరదేశపు అభినవగుప్తుడు చెప్పి ఉన్నాడు. నాట్యాన్ని చూచే మనిషి కొంతసేపు తన సొంత ప్రయోజనాల సంకెళ్ళనుండి విడివడతాడు. రంగం మీది దుఃఖం నాది కాదు, శత్రువుది కాదు, ఫలానా వానిది కాదు. ఐనా అది హృదయాన్ని కదిలిస్తుంది. నాది, పరునిది అనే హద్దులు చెరిగిన ఆ స్థితిలోనే రసం అనుభవానికి వస్తుంది. ఆ అనుభవానికి అడ్డుపడే విఘ్నాలను కూడా ఆయన వరుసగా చెప్పాడు. తెర మీది దానిని తనదిగానో, ఇతరునిదిగానో పట్టుకొని ఉండడం వాటిలో ఒకటి. తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండడం మరొకటి. భరతుడు మంచి ప్రేక్షకుణ్ణి వర్ణించినప్పుడు కూడా, పాత్ర సంతోషిస్తే సంతోషించేవాడు, పాత్ర శోకిస్తే శోకించేవాడు అన్నాడు.

రికార్డు కోసం హాలుకు వచ్చిన ప్రేక్షకుని స్థితిని ఈ మాటల వెలుగులో చూడాలి. తెర మీద తండ్రి మరణిస్తున్నప్పుడు అతని మనస్సు ఆ మరణం వద్ద లేదు. ఈ ఘట్టం జనానికి పట్టుతుందా, ఎదుటి పక్షంవారు ఏమంటారు, ఆదివారానికి అంకె ఎంతవుతుంది అనే విచారంలో ఉన్నది. అతడు పాత్రతో శోకించడం లేదు, వ్యాపారితో శోకిస్తున్నాడు. అందరికంటె ముందుగా వచ్చి, అందరికంటె ఎక్కువ ధర చెల్లించి, ఏ వస్తువు కోసం ఆ ధర చెల్లించాడో దానినే అతడు పోగొట్టుకొంటున్నాడు. ఎదుటి పక్షపు చిత్రానికి వెళ్ళినప్పుడు నష్టం ఇంకా పెద్దది. నవ్వు వస్తే ఆపుకొంటాడు. కన్నీరు వస్తే సిగ్గుపడతాడు. తన హృదయం మీద తానే కాపలా పెట్టుకొన్న మనిషికి ఏ నటుడు ఏమి ఇవ్వగలడు? రికార్డుల పోటీ వల్ల కలిగే హాని చిత్రాలకు ఎంతో తెలియదు గాని, ఈ ప్రేక్షకునికి కలిగే హాని మాత్రం స్పష్టమైనది. ఆ హాని ఏ లెక్కలోను వ్రాయబడదు.

అతనిని నిందించి ఊరుకొనడం తేలిక. అర్థం చేసుకొనడం అంతకంటె అవసరం. ఉద్యోగం లేని యువకునికి, రోజంతా ఎవరో ఒకరి ఆజ్ఞలకు తల వంచేవానికి గెలుపు అనే మాట అరుదుగా తటస్థిస్తుంది. తన కథానాయకుడు గెలిచినప్పుడు ఆ గెలుపులో అతనికి ఒక పాలు దక్కుతుంది. భాష విషయంలో కూడా ఇటువంటిదే జరిగినది. ఎంతోకాలం హిందీ చిత్రాన్నే భారతీయ చిత్రమనీ, తక్కిన వాటిని ప్రాంతీయ చిత్రాలనీ వ్యవహరించారు. 2017 ఏప్రిల్ 28న విడుదలైన ‘బాహుబలి’ రెండవ భాగం వేయి కోట్ల రూపాయలు దాటిన మొదటి భారతీయ చిత్రమైనప్పుడు తెలుగువారు అనుభవించిన ఉల్లాసం కేవలం ధనాన్ని గురించినది కాదు. చాలాకాలంగా ప్రక్క పీటలో కూర్చున్నవారికి సభామధ్యంలో పీట వేసినట్లు అనిపించినది. ఆ ఉల్లాసాన్ని తప్పు పట్టడం న్యాయం కాదు. ఐతే అంకె ఇచ్చిన గౌరవం అద్దెకు తెచ్చిన నగ వంటిది. మరొక శుక్రవారం మరొక చిత్రం వచ్చి దానిని తిరిగి తీసుకొనిపోతుంది. ఒక చిత్రం ఒక భాషకు నిజంగా ఇచ్చేది, ఆ భాష మాటలాడే మనిషి నడకను, పలుకును, పరిహాసాన్ని ఇతరుల జ్ఞాపకంలో నిలపడం. 1957 నాటి ‘మాయాబజార్’ ఎంత వసూలు చేసినదో ఈనాడు దానిని చూచి నవ్వే పిల్లలకు తెలియదు. తెలియనందువల్ల వారి నవ్వుకు వచ్చిన లోపమూ లేదు.

ఈ విషయమంతా మాటల వరకే ఐతే ఇంత విచారణ అవసరం లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో, మరునాడు విడుదల కానున్న ఒక భారీ చిత్రపు ముందస్తు ప్రదర్శన జరిగినది. కథానాయకుడు హాలుకు వస్తున్నాడని తెలిసి జనం విరగబడ్డారు. ఆ తొక్కిసలాటలో కుటుంబంతో సినిమా చూడడానికి వచ్చిన ఒక స్త్రీ మరణించినది. ఆమె కుమారుడు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి పాలయ్యాడు. బాధ్యత ఎవరిది అనేది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. కాని ఆ తరువాతి రోజులలో జరిగిన ఒక సంగతిని తేల్చడానికి న్యాయస్థానం అవసరం లేదు. ఒక తల్లి మరణవార్తా, మొదటి రోజు వసూళ్ళ అంకే ఒకే పత్రికలో, ఒకే రోజున అచ్చయినవి. చాలామంది కళ్ళు రెండవ దాని మీదనే ఎక్కువసేపు నిలిచినవి. భరతుడు దైవసిద్ధికి పెట్టిన నియమాలు శబ్దం, క్షోభ, ఉత్పాతం లేకపోవడం. ఆ రాత్రి మూడూ జరిగినవి. ఐనా రంగం నిండినదన్న ఒక్క లక్షణాన్ని పట్టుకొని లోకం దానిని సిద్ధి అన్నది. మనుషులను వారు చెల్లించిన ధరగా లెక్కించడానికి అలవాటుపడిన దృష్టికి, మనిషి లేకపోవడం లెక్కలోకి రాదు. ఆమె టిక్కెట్టు మాత్రం వస్తుంది.

ఐతే చేయదగినది ఏమిటి? పోటీని నిషేధించడం ఎవరి తరమూ కాదు, అవసరమూ కాదు. లెక్క ఎవరిదో వారికి అప్పగిస్తే చాలును. వ్యాపారి రూపాయలు లెక్కించుకొనవచ్చును. ప్రభుత్వం మనుషులను లెక్కించి, నిజమైన సంఖ్య ప్రకటించవచ్చును. ఆ హాలులో ఎంతమంది పడతారో, ఎన్ని ద్వారాలు తెరచి ఉన్నవో కూడా లెక్కించవచ్చును. విమర్శకుడు ప్రాశ్నికుని వలె గుణదోషాలను లెక్కించవచ్చును. ప్రేక్షకునికి మాత్రమే ఏ లెక్కా లేదు. అది అతని పేదరికం కాదు. అందరిలోనూ అతనికి ఒక్కనికే లభించిన స్వేచ్ఛ. ధర చెల్లించి లోనికి వచ్చిన తరువాత రెండు మూడు గంటలపాటు అతడు ఎవరికీ ఏమీ బాకీ లేడు. ఆ స్వేచ్ఛను తనంత తానే వదులుకొని, జీతం లేని గుమాస్తాగా మారి, ఇతరుల ఖాతాలు వ్రాయవలసిన అగత్యం అతనికి లేదు.

సినిమా హాళ్ళ వద్ద పూర్వం ఒక దృశ్యం నిత్యం కనబడేది. మొదటి ఆట విడిచే వేళకు రెండవ ఆటకు వచ్చినవారు వరుసలో నిలబడి ఉండేవారు. తలుపులు తెరుచుకొని లోపలివారు బయటికి వచ్చేవారు. వెలుతురుకు కళ్ళు చిట్లించుకొంటూ, కొందరు నవ్వుతూ, కొందరు మాటలేకుండా వచ్చేవారు. వరుసలోనివారు ఎవరో ఒకరిని ఆపి, ఎట్లా ఉన్నదని అడిగేవారు. ఎంత వచ్చినదని ఎవరూ అడిగేవారు కాదు. అడగబడినవాడు ఒక్క క్షణం ఆగి, తనలోనికి చూచుకొని, జవాబు చెప్పేవాడు. కొన్ని ఊళ్ళలో ఆ దృశ్యం ఈనాటికీ ఉన్నది. ఆ ప్రశ్న అడిగేవాడూ, దానికి నిజాయితీగా జవాబు చెప్పేవాడూ మిగిలి ఉన్నంతకాలం గల్లాపెట్టె తన పని తాను చేసుకొనిపోవచ్చు; దానివల్ల ఎవరికీ ప్రమాదం లేదు.